అత్త కుండ, కోడలి గుహ

మొన్న శనివారం రాత్రి ఒక ఆట ఆడాను. లేచేసరికి తెల్లవారుజామున రెండున్నర. అయినా పడుకోకుండా కూర్చుని, దాని మీద పదిహేడు అభ్యంతరాలు రాసి, తయారుచేసినవాడికి పంపాను. ఆటకి నేను పెట్టిన ఖర్చు సున్నా. మా ఇంట్లో దీన్ని పనిలేకపోవడం అంటారు. నేను సేవ అంటాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1986లో నింటెండో కంపెనీ జపాన్‌లో జెల్డా ఆట మొదటిది విడుదల చేసింది. లింక్ అనే కుర్రాడు, జెల్డా అనే రాకుమారి, గానన్ అనే రాక్షసుడు. 128 తెరల మైదానం (ఒకసారికి కంటికి కనపడే మేర ఒక తెర), దాని కింద తొమ్మిది నేలమాళిగలు. ఎటు వెళ్ళాలో చెప్పే దిక్కుండదు. ఆ ఆట మీద పిచ్చి వదలని కొందరు అభిమానులు తర్వాత 'జెల్డా క్లాసిక్' అనే ప్రోగ్రాం తయారుచేసుకున్నారు. పాత ఆట కంప్యూటర్లో ఆడుకోవచ్చు. అంతటితో ఆగితే నాకీ నిద్ర చెడేది కాదు. దాంతోపాటు 'జీక్వెస్ట్' అనే ఎడిటర్ కూడా ఇచ్చారు. ఇక ఎవరికి వారు సొంత మైదానం, సొంత గుహలు, సొంత రాక్షసులతో క్వెస్టులు, అంటే సొంత ఆటలు, కట్టుకోవడం మొదలైంది. నేను మొన్న ఆడింది అలాంటి క్వెస్టే. కట్టేవాడు ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి, రాత్రిళ్ళు గడి పక్కన గడి, చెట్టు పక్కన చెట్టు పేర్చుకుంటూ పోతాడు. పూర్తయ్యాక ఊరికే ఇచ్చేస్తాడు. మనం ఊరికే తీసుకుంటాం. ఊరికే తీసుకున్నాం కదా అని ఊరుకుంటామా?

దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదంటారు. మరి ఆవు పళ్ళ సంగతి ఎవరు పట్టించుకోవాలి?

కాబట్టి నా అభ్యంతరాలకి వద్దాం. మొదటి రెండూ వదిలేస్తున్నాను, ఆటతోపాటు ఇచ్చిన సూచనల ఫైలు నేను చదవకపోవడం వల్ల పుట్టినవి అవి. మూడోది అలా కాదు. ఒక తెర నిండా పొదలు. లెక్కపెట్టాను, నలభై రెండు. వాటిలో ఒకదాన్ని కాలిస్తే కింద మెట్లు బయటపడతాయి. ఏ పొదో తెలియదు. నా చేతిలో ఉన్నదేమో నీలం కొవ్వొత్తి. దాని సంగతి ఆడినవాళ్ళకి తెలుసు, తెరకి ఒక్కసారే వెలుగుతుంది. రెండో పొద కాల్చాలంటే పక్క తెరలోకి పరుగెత్తి మళ్ళీ రావాలి. పక్క తెరలో ఆక్టోరాక్‌లు రాళ్ళు ఉమ్ముతూ నా కోసమే కాచుకుని ఉంటాయి. ఒక పొద, ఒక పరుగు, ఒక రాయి, సగం గుండె గోవిందా (ఇందులో ప్రాణానికి కొలత గుండెలే). మళ్ళీ వచ్చి ఇంకో పొద. ముప్పై ఒకటో పొద దగ్గర మెట్లు కనపడ్డాయి. దిగితే లోపల ఒకడు నిలబడి, ఇది మనలో మనకే రహస్యం అన్నట్టు చెప్పి, పది రూపీలు చేతిలో పెట్టాడు. (ఈ ఆటలో డబ్బుని రూపీ అంటారు. చూడటానికి రంగురాయి. మన రూపాయితో దానికి ఉన్నది బీరకాయ పీచు చుట్టరికం.) ముప్పై ఒక్క పొదలకి పది రూపీలు! ఉపాధి హామీ కూలి ఇంతకన్నా నయం కదా అని రాశాను. కూలి రేటు అతనికి అర్థం కాదేమోనని వివరణ కూడా జతచేశాను.

అసలు ఆటలో ఇలాంటివి లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. ఎనిమిదో నేలమాళిగకి దారి ఒక చెట్టు కింద ఉంటుంది, కాలిస్తే తప్ప కనపడదు. ఏడో దానికి కొలను ఒడ్డున పిల్లనగ్రోవి ఊదాలి, అప్పుడు నీళ్ళింకి మెట్లు తేలతాయి. తొమ్మిదో దానికి బండకి బాంబు పెట్టాలి. ఆ పాత ఆటలోనే, గోడ పేల్చుకుని లోపలికి వెళ్తే ఒక ముసలాయన కూర్చుని, తలుపు బాగుచేయించడానికి డబ్బు కట్టమని 20 రూపీలు గుంజుకుంటాడు. ఎంత చమత్కారం! నలభై ఏళ్ళవుతున్నా చెప్పుకుని నవ్వుకుంటున్నాం. ఆ ఆట సృష్టికర్త మియమోటో చిన్నతనంలో క్యోటో దగ్గర సోనోబె ఊరి కొండల్లో, గుహల్లో తిరిగిన అనుభవమే ఈ ఆటకి మూలమని కూడా భక్తిగా చెప్పుకుంటాం. అది క్లాసిక్. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ.

దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. పాత ఆటలో పోల్స్ వాయిస్ అని పెద్ద పెద్ద చెవుల జంతువొకటి గెంతుతూ మీదికొస్తుంది. జపాన్ వాళ్ళ మెషీన్‌కి రెండో కంట్రోలర్‌లో మైకు ఉండేది. అందులో అరిస్తే ఈ జంతువులు చచ్చిపోయేవి. ఇంట్లోవాళ్ళు నిద్రలేస్తారన్న సంగతి పక్కనపెడితే మంచి ఏర్పాటే. 1987లో ఆట అమెరికా వెళ్ళింది. అక్కడి కంట్రోలర్‌కి మైకు లేదు. ఆటతోపాటు ఇచ్చిన పుస్తకంలో మాత్రం, దీనికి పెద్ద చప్పుడంటే పడదు అన్న ముక్క అలాగే ఉండిపోయింది. చప్పుడంటే పిల్లనగ్రోవేమో అనుకుని ఊదినవాళ్ళ ముఖం మీదికే ఆ జంతువు గెంతింది. నిజానికి ఒక్క బాణం చాలు. బాణానికి ఒక రూపీ ఖర్చు, అంతే. పెద్ద కంపెనీ, అచ్చయిన పుస్తకం, డబ్బు పోసి కొన్న ఆట, తప్పుడు సూచన. దాన్ని ముద్దుగా తలుచుకుంటాం. మొన్నటి క్వెస్టులో ఒక ముసలాయన 'తూర్పున వెతుకు' అన్నాడు. గుహ ఆగ్నేయంలో ఉంది. ఏ వాస్తు సిద్ధాంతినైనా అడగండి, తూర్పు వేరు, ఆగ్నేయం వేరు. ఏడో అభ్యంతరంగా రాసి, కింద రెండు గీతలు గీశాను.

తొమ్మిదోది నీలం డార్క్‌నట్ల గది. ముందు డాలు పెట్టుకుని నడిచే ఈ కవచధారులని పక్కనుంచో వెనకనుంచో పొడవాలి. ఒక్కడైతే సరే, ఎనిమిది మందిని ఒకే గదిలో పెట్టాడు మహానుభావుడు. పదకొండోది, ఆట మరీ కష్టంగా ఉంది. పద్నాలుగోది, అచ్చం పాత ఆటలాగే ఉంది, కొత్తదనం లేదు. పదిహేనోది, పాత ఆటలాగా లేదు.

పన్నెండోది మాత్రం కొంచెం వివరించాలి. ఒక నేలమాళిగలో దారి మూసుకుపోయింది. తాళం లేదు, బాంబులు పనిచేయలేదు. గంటసేపు తిరిగాక విసుగొచ్చి గోడ వైపు బటన్ నొక్కిపెట్టి కూర్చున్నాను. లింక్ గోడలోంచి నడిచి అవతలికి వెళ్ళిపోయాడు. గుర్తు లేదు, పగులు లేదు. ఇంత అన్యాయమా అనిపించింది. పంపేశాక గుర్తొచ్చింది, పాత ఆట రెండో క్వెస్టులోనూ ఇలా గోడల్లోంచి నడిచే చోట్లు ఉన్నాయి. ఆ రెండో క్వెస్టు పుట్టుక కూడా తమాషానే. నేలమాళిగలు సర్దిన తెజుకా పొరపాటున ఉన్న జాగాలో సగమే వాడాడు. మిగిలిన సగం ఖాళీగా ఎందుకని మియమోటో అందులో ఇంకో సాహసం పెట్టించాడు. పేరు అడిగినప్పుడు జెల్డా అని కొడితే నేరుగా అదే మొదలవుతుంది. పొరపాటులోంచి పుట్టినదానికి దండం పెడతాం. పన్నెండో అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుందామనుకున్నాను కానీ, అప్పుడు అంకె పదహారుకి పడిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకు, 'సూపర్ అన్నా, అదిరింది' అని ఒక ముక్క రాస్తే పోలా అంటాడు మా తమ్ముడు. అలాంటివాళ్ళ మీద నాకు గౌరవం లేదు. పెళ్ళికి వెళ్ళి, పూర్తిగా తిని, బాగుందని చెప్పి చెయ్యి కడుక్కుని పోయేవాడు పెళ్ళివారికి ఏం ఉపకారం చేసినట్టు? గుత్తొంకాయలో నువ్వులపొడి తగ్గిందని, మూడోసారి వడ్డించుకుంటూ చెప్పేవాడు కావాలి. అన్నట్టు ఆ క్వెస్టు నేను మొత్తం ఆడాను. రెండుసార్లు. రెండోసారి అభ్యంతరాలు సరిచూసుకోవడానికి.

మంగళవారం జవాబొచ్చింది. 'చాలా థాంక్స్. అన్నీ చదివాను. చూస్తాను.' అంతే. పదిహేడు అభ్యంతరాలకి ఐదు మాటలు. ఇది కూడా రాసిపెట్టుకున్నాను.

ఆదివారానికి కొత్త వెర్షన్ వచ్చింది. డార్క్‌నట్లు ఆరుగురయ్యారు. ముసలాయన 'ఆగ్నేయాన వెతుకు' అంటున్నాడు. తృప్తిగా పొదల తెరకి వెళ్ళాను. ముప్పై ఒకటోది ఎక్కడుందో నాకు నోటికొచ్చు కాబట్టి నేరుగా వెళ్ళి కాల్చాను. మెట్లు కనపడ్డాయి. దిగాను. పది రూపీలిచ్చేవాడు లేడు. ఆ చోట ఒక ముసలాయన కూర్చుని, తలుపు బాగుచేయించాలి, ఇరవై కట్టమన్నాడు. నా దగ్గర పన్నెండే ఉన్నాయి. పన్నెండూ ఊడ్చుకున్నాడు.

నేను కాల్చింది పొదని. పొదకి తలుపెక్కడిది? పద్దెనిమిదో అభ్యంతరం ఇప్పుడే పంపాను.