పట్టాదారు పాసుపుస్తకం గారికి, శనక్కాయ చేల నుంచి

మహారాజశ్రీ పట్టాదారు పాసుపుస్తకం గారి సముఖమునకు,

అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో శనక్కాయ సేద్యం చేసే ఆడవాళ్ళు నమస్కరించి వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి. మేము ఎండలో క్షేమం. తమరు బీరువాలో, పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవరులో క్షేమమని తలుస్తాము.

తమరి పేరు మీద 1971లో ఏకంగా చట్టమే వచ్చింది. అప్పటి నుంచి తమరి అట్ట మారింది, రంగు మారింది, ఇప్పుడు క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. లోపలి ఫోటోలో మీసం మాత్రం అలాగే ఉంది. బ్యాంకులో పంట రుణానికైనా, ఏడాదికి 6,000 రూపాయల పీఎం కిసాన్‌కైనా, రాయితీ విత్తనకాయకైనా ఆ మీసమే రైతు. మాకేం కడుపుమంట లేదు. తమరు రైతని ముద్ర వేసిన ఆ పెద్దమనిషిని ఒకసారి మా ముందు కూర్చోబెట్టండి, నాలుగు ప్రశ్నలు అడిగి పంపిస్తాం.

ఎకరాకు విత్తనం ఎంత? "మూడు మూటలు" అంటాడు, ఆటోలోకి ఎత్తింది ఆయనే కాబట్టి. మూట 30 కిలోలు, మూడింటికి 90 కిలోల కాయ. కదిరి-6 రకం కాయ ఒలిస్తే నూటికి 70 పాళ్ళు పప్పు దిగుతుంది, అంటే 63 కిలోలు. బద్దలైనవి, ముడుచుకుపోయినవి, పొర లేచినవి ఏరి అవతల పెడితే 60 మిగలడం కష్టం. ఏరకపోతేనో? పొర చిట్లిన గింజకు నేలలో బూజు పట్టి, మొలక మొదట్లోనే కుళ్ళిపోతుంది. సాళ్ళలో జానెడు జానెడు ఖాళీలు పడతాయి. అప్పుడాయన రచ్చబండ దగ్గర కూర్చుని "నకిలీ విత్తనం అంటగట్టినారు" అని తీర్పు చెప్తాడు. నెల ముందే ఒలిచి పెట్టుకున్నా గింజ సత్తువ పోతుంది. విత్తబోయే వారంలోనే ఒలవాలి. ఒలుపు సులువవుతుందని కాయ మీద నీళ్ళు చల్లారా, ఇక మొలక మీద ఆశ వదులుకోవాల్సిందే.

విత్తనశుద్ధికి ఒక వరస ఉంది. పురుగుమందు ముందు, తెగులుమందు తర్వాత. కిలో పప్పుకు ఇమిడాక్లోప్రిడ్ 2 మి.లీ. పట్టించి, నీడన ఆరనిచ్చి, ఆపైన మాంకోజెబ్ 3 గ్రాములు. బేసిన్లో వేసి గట్టిగా కలియబెడితే పొర ఊడి, ఏరిన పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది. టార్పాలిన్ పట్ట మీద పోసి, రెండు కొసలు ఇద్దరం పట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తాం. చేతులకు గ్లౌజులు వేసుకోమని మందు డబ్బా మీద రాసుంటుంది. డబ్బాతో పాటు గ్లౌజులు ఎవరూ ఇవ్వరు.

ఇక విత్తడం. సాళ్ళు తీసి విత్తే గొర్రు తోలేది ఆయన, ఊరు చూసేది గొర్రునే. వెనక జడ్డిగంలో, అంటే గొర్రుకున్న విత్తనాల గిన్నెలో, గింజ వదిలే చెయ్యి ఎవరిదో తమరి ఏ పేజీలోనూ లేదు. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, గింజకూ గింజకూ 10. ఎడ్లు వడి పెంచితే చెయ్యీ వడి పెంచాలి, లేకుంటే ఒకచోట గుంపు, ఒకచోట బోసి. పదును ఆరిపోయేలోగా చేను ముగియాలి కాబట్టి మధ్యలో నడుము ఎత్తే వీలుండదు.

రెండో ప్రశ్న జిప్సం. ఎప్పుడు వేయాలి, ఎందుకు? "దుక్కిలోనే వేస్తే ఒక పని అయిపోతుంది కదా" అంటాడు. ఎకరాకు 200 కిలోలు, విత్తిన 40, 45 రోజుల మధ్య, ఊడలు (పూత నుంచి దిగి కొసన కాయ కాసే కాడలు) నేలలోకి దిగే వేళ, మొక్క మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. జిప్సంలో ఉండేది కాల్షియం. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. అక్కడ లేకపోతే బయటికి బాగున్న కాయే లోపల లొట్ట. ఊడలు దిగాక మళ్ళీ కలుపు తీసే గుంటక తోలకూడదు, ఊడలు తెగుతాయి. ఆ తర్వాత మిగిలిన కలుపంతా చేత్తో పీకాల్సిందే. ఆ పీకే చేతులకు కూలి మగకూలి కన్నా తక్కువ. అదేమీ తమరి తప్పు కాదులెండి.

గట్ల మీద వయ్యారిభామ కలుపుమొక్క ఎందుకు పీకుతారో కూడా అడుగుతాం. అందం చూడలేక కాదు. 2000 ఖరీఫ్‌లో మా జిల్లా శనక్కాయను కాండం కుళ్ళు వైరస్ ఊడ్చేసింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగుల వల్ల చేలోకి చేరుతుంది. అందుకే పూతకు రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ జొన్నో సజ్జో దట్టంగా కొన్ని సాళ్ళు వేసుకోవాలి. పూసిన తర్వాత తీరిగ్గా పీకితే పుప్పొడిని మనమే దులిపినట్టు.

చివరిది, చెట్టు పీకేది ఎప్పుడు? క్యాలెండరు చూసి కాదు. నాలుగు చెట్లు పీకి, కాయ పగలగొట్టి, డొక్క లోపలివైపు చూస్తాం. తెల్లగా ఉంటే ఆగాలి, నల్లబడితే పక్వం. ఈ గుత్తి రకాలకు నిద్రావస్థ లేదు, ముదిరాక వాన పడితే నేలలోనే మొలకెత్తుతాయి. అట్లాగని నేల బిగుసుకున్నాక పీకితే కట్టె చేతికొస్తుంది, కాయ మట్టిలో ఉండిపోతుంది. పచ్చి మీద వామి వేస్తే బూజు, ఆ బూజుతో అఫ్లటాక్సిన్ విషం. ఊపితే గింజ గలగలమనేదాకా, అంటే తేమ నూటికి 9 లోపు దిగేదాకా ఎండాలి. వ్యాపారి వచ్చి గుప్పెడు కాయ ఊపి చూసి రేటు మాత్రం మీసంతోనే మాట్లాడతాడు.

2015-16 వ్యవసాయ గణన లెక్కన దేశంలో కమతాల సాగు నడిపేవారిలో ఆడవాళ్ళు నూటికి 14 మంది. మిగతా మేమంతా తమరి దృష్టిలో "ఇంటి పనివారు". ఊరి సాగు లెక్కలుండే అడంగల్లో పట్టాదారు పక్కన అనుభవదారు, అంటే నిజంగా సాగు చేసేవారు, అని ఇంకో గడి ఉంది, అందులోనూ ఆయన పేరే. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే హిందూ వారసత్వ చట్ట సవరణ 2005లో దేశమంతటికీ వచ్చింది. మన రాష్ట్రం అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1985 నుంచి, పెళ్ళికాని కూతురికి ఇచ్చింది. చట్టం ఇచ్చిన వాటాను పసుపు కుంకుమ, ఒక చీరతో అన్నదమ్ములు వెనక్కి రాయించుకుంటున్నారు. 2026 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మహిళా రైతుల సంవత్సరమట. శాలువాలు వద్దు, దుమ్ములో పనికిరావు.

మా కోరికలు చిన్నవి. ఆయన బతికుండగానే సగం చేను మా పేర దాన సెటిల్‌మెంటు రిజిస్టరు చేయించి, రెవెన్యూ రికార్డులో పేరు మార్పు (మ్యుటేషన్) చేయించాలి. ఆయన పోయాక అయితే మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, ఆధార్లు, అందరి సంతకాలు కావాలి. అవి కుదిరేలోగా పాత రుణం వడ్డీ కదులుతుంటుంది, కొత్త రుణం కదలదు. ఇంకో సంగతి, వేలిముద్ర మిషన్లు. కలుపు తీసి, కాయ ఒలిచి మా వేళ్ళ గీతలు అరిగిపోయాయి, మిషను "సరిపోలలేదు" అంటుంది. పేరు ఎక్కించే రోజున కంటిపాప చూసే మిషను కూడా పెట్టించండి.

విత్తనకాయ పంపిణీ మొదలయ్యేలోగా జవాబు రాయగలరు.

ఇట్లు,
అనుభవదారు గడిలో కూడా లేనివాళ్ళు