రిలే ముందు నిలిచే చదువు

2003 ఆగస్టు 14 సాయంత్రం నాలుగు దాటిన కాసేపటికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సామిస్-స్టార్ అనే 345 కిలోవోల్టుల లైను ట్రిప్ అయింది. ఆ లైనులో షార్ట్ సర్క్యూట్ ఏదీ లేదు. అప్పటికే చెట్లు తగిలి పక్క లైన్లు పోవడంతో భారం దానిపై పడింది. కరెంటు పెరిగింది, వోల్టేజి తగ్గింది. ఇంపెడెన్స్‌ను, అంటే వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చే విలువను బట్టి ఫాల్టు దూరాన్ని లెక్కించే రిలేకు (లైనును కాపాడే పరికరానికి) ఈ రెండూ కలిస్తే ఫాల్టులాగే కనిపిస్తాయి. తన సెట్టింగు ప్రకారమే అది బ్రేకరును తెరిపించింది. కొద్ది నిమిషాల్లో అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మంది చీకట్లోకి వెళ్లారు.

విద్యుత్ వ్యవస్థల ఇంజినీరింగ్‌లో ఇంటి నుంచే సర్టిఫికెట్ పొందవచ్చన్న ప్రకటన చూసినప్పుడల్లా మాకు ఆ రిలే గుర్తుకొస్తుంది. ఆన్‌లైన్ కోర్సులను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. ఈ శాస్త్రంలో పెద్ద భాగం కాగితం మీదా, కంప్యూటర్ మీదా చేసేదే. అసమతుల్యమైన మూడు ఫేజులను సమతుల్య భాగాలుగా విడదీసి లెక్కించేందుకు ఇంజినీరు ఫోర్టెస్క్యూ 1918లో ప్రతిపాదించిన సిమెట్రికల్ కాంపొనెంట్స్ పద్ధతి గానీ, ఏ లైనులో ఎంత విద్యుత్తు పారుతుందో తేల్చే న్యూటన్-రాఫ్సన్ లోడ్ ఫ్లో గానీ ఒక్కసారి వింటే బుర్రకెక్కేవి కావు. పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ లెక్క కట్టుకునే వెసులుబాటు వాటికి బాగా నప్పుతుంది. షిఫ్టు డ్యూటీ చేసే ఇంజినీరుకైతే అది వరమే. పైగా సౌర విద్యుత్తు ఇన్వర్టర్ల మీదుగా వచ్చి చేరుతున్న కొద్దీ, తిరిగే భారీ యంత్రాల జడత్వం నిలబెడుతూ వచ్చిన ఫ్రీక్వెన్సీని ఎలా కాపాడాలన్నది అనుభవజ్ఞులూ కొత్తగా నేర్వాల్సి వస్తోంది.

పేచీ అంతా పరీక్షతోనే. రిలే తన లైను దాటి పక్క లైన్ల ఫాల్టులనూ గమనించే పరిధి అయిన మూడో జోన్ నిర్వచనం అడిగి నాలుగు జవాబులిస్తే సరైనదాన్ని ఎవరైనా పట్టేస్తారు. ఒక లైను పోయి, వోల్టేజి 0.9 పర్ యూనిట్‌కు, అంటే మామూలు విలువలో 90 శాతానికి జారిన నెట్‌వర్కును ముందు పెట్టండి. రిలేకు కనిపించే ఇంపెడెన్స్ ఎంత, సెట్టింగును ఎంతకు కుదించాలి, కుదిస్తే ఏ ఫాల్టుకు రక్షణ కరవవుతుంది అని అడగండి. అసలు సంగతి అక్కడ తేలుతుంది. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరు, జవాబును ఓపికగా చదివి దిద్దే మనిషి ఉంటే చాలు. ఆ మనిషికి జీతం ఇవ్వాలి కాబట్టే కాబోలు, టిక్కుల పరీక్షలకు అంత ఆదరణ!

తెర మీద రానివీ ఉన్నాయి. లైన్ క్లియర్ (సరఫరా ఆపిన లైను మీద పనికి అనుమతి) తీసుకోవడం, సరఫరా లేదని పరీక్షించి నిర్ధారించుకోవడం, ఎర్తింగ్ చేశాకే తీగను ముట్టుకోవడం చేతికి అలవడాల్సిన క్రమం. ఒక్క మెట్టు తప్పితే ప్రాణం పోతుంది. కోర్సులో సబ్‌స్టేషన్ శిక్షణ లేకపోతే ఆ మాట సర్టిఫికెట్ మీదే అచ్చువేయాలి. ఉద్యోగమిచ్చే సంస్థలు మార్కులతో సరిపెట్టుకోకుండా అభ్యర్థి స్వయంగా చేసిన అధ్యయన నివేదికను తెమ్మని, దాని మీదే ప్రశ్నలు వేయాలి.

ఇక కోర్సులు నడిపేవారు ఫీజుల పట్టిక పక్కనే గత పరీక్షలోని ఒక ప్రశ్నను, దానికి వచ్చిన మంచి జవాబును పెట్టాలి. చేరాలో వద్దో అభ్యర్థులు అది చూసి తేల్చుకుంటారు.