సంతకానికి ముందు చదవాల్సిన కాగితం

ఉద్దానం ముసలివాళ్ళ నోట బర్మా ఇప్పటికీ ‘రంగమే’. బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కిన కూలీ చేతిలో మేస్త్రీ ముందుగా పెట్టింది కూలి డబ్బు కాదు, అడ్వాన్సు. అది తీరేదాకా ఆ మనిషి మేస్త్రీ మనిషే. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక వేలాదిమంది అడవుల వెంట, కొండల వెంట నడిచి ఇళ్ళకు చేరారు. చేరనివాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత సింగపూర్ వెల్డింగు పనులు, గల్ఫ్ ఫిట్టర్ పనులు, గుజరాత్‌లో వెరావల్ బోట్లు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన 20 మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళే. వలస మనకు కొత్త కాదు. దూరం కొత్తది, కాగితాలు కొత్తవి.

ఇప్పుడు మన పిల్లల చెవిన పడుతున్న మాట ‘జే-1’ అనే అమెరికా వీసా. హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళకు, హైదరాబాద్, బెంగళూరు వంటశాలల్లో చెయ్యి తిరిగినవాళ్ళకు అమెరికా రెస్టారెంట్లలో, రిసార్టుల్లో ఏడాది పని చేసే దారి ఇది. లాటరీ లేదు, హెచ్-1బీకి ఉన్నట్టు ఏడాదికి ఇన్నేనన్న పరిమితీ లేదు. అందుకే ఆశ పెరుగుతోంది. ఆ ఆశను మేము తప్పుపట్టం. తిత్లీ తుపానుకు కొబ్బరి కూలిన ఊళ్ళలో, జీడిపిక్కల ధర మీద సంసారాలు నడిచే ఊళ్ళలో ఒక కుర్రాడు సముద్రం అవతలికి చూస్తే అది అత్యాశ కాదు. మేము అడిగేది ఒక్కటే: బయలుదేరేముందు అతని చేతిలో ఉన్న కాగితంలో ఏముందో ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసా?

జే-1 పని వీసా కాదు. 1961లో అమెరికా చేసిన విద్యా, సాంస్కృతిక వినిమయ చట్టం కింద పుట్టిన వీసా. వచ్చినవాడు ఆ దేశపు పద్ధతులు నేర్చుకుని తిరిగి వెళ్ళాలన్నది దాని ఉద్దేశం. చదువుతున్నవాళ్ళు, చదువు ముగించి 12 నెలలు దాటనివాళ్ళు ఇంటర్న్‌లుగా వెళ్ళవచ్చు. డిగ్రీ లేదా వృత్తి సర్టిఫికెట్‌తో పాటు ఏడాది అనుభవం ఉన్నవాళ్ళు ట్రెయినీలు. చదువు లేకున్నా అదే వృత్తిలో ఐదేళ్ళ అనుభవం ఉంటే ట్రెయినీగా తీసుకోవచ్చు. హోటల్ రంగంలో ఏ దారిన వెళ్ళినా గడువు 12 నెలలే. ట్రెయినీగా వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ ట్రెయినీగా వెళ్ళాలంటే అమెరికా బయట రెండేళ్ళు గడపాలి. ‘ముందు వెళ్ళు, తర్వాత అక్కడే సెటిల్ అవ్వొచ్చు’ అని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

ఈ వీసాకు రెస్టారెంటు యజమాని నేరుగా పిలవలేడు. అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ డీఎస్-2019 అనే పత్రం ఇవ్వాలి. దానికి తోడు డీఎస్-7002 ఉంటుంది, శిక్షణ ప్రణాళిక అంటే అదే. ఏ హోటల్, ఏ ఊరు, ఎవరి కింద పని, వారానికి ఎన్ని గంటలు, ఎంత ఇస్తారు, ఏ దశలో ఏం నేర్పుతారు అన్నీ అందులో రాసి ఉంటాయి. స్పాన్సర్, అక్కడి పర్యవేక్షకుడు, మన కుర్రాడు ముగ్గురూ సంతకం పెట్టాలి. ఆరు నెలలు, అంతకు మించిన హోటల్ శిక్షణలో కనీసం మూడు విభాగాల్లో తిప్పాలని నిబంధన. నైపుణ్యం అక్కర్లేని పనికి ఈ వీసా మీద మనిషిని పెట్టకూడదు. ఏడాది పొడుగునా గిన్నెలు తోమించడానికి ఈ పత్రం చెల్లదు. పాతిక మందికన్నా తక్కువ సిబ్బందితో నడిచే రెస్టారెంటును స్పాన్సర్ మొదటిసారి ఎంచుకుంటే, ముందు అక్కడికి వెళ్ళి చూసి రావాలి కూడా.

మన రైతు రెండు సెంట్లు కొనాలన్నా అడంగల్ చూస్తాడు, ఈసీ తీయిస్తాడు, సరిహద్దు రైతులను పిలిచి గట్టు కొలిపిస్తాడు. అదే రైతు, కొడుకు అమెరికా ప్రయాణానికి పొలం తాకట్టు పెట్టేటప్పుడు డీఎస్-7002 చూడడు. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ‘అవన్నీ మేం చూసుకుంటాం, మీరు సంతకం పెట్టండి చాలు’ అని ఏజెంటు అంటాడు. మోసం జరిగితే మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

డబ్బు లెక్క చూద్దాం. జే-1 ట్రెయినీ అమెరికా ప్రభుత్వానికి కట్టే సెవిస్ (చదువుకు, శిక్షణకు వచ్చే విదేశీయుల వివరాల నమోదు) రుసుము 220 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. రెండూ కలిపి మన డబ్బుల్లో 40 వేలు దాటవు. దాని మీద స్పాన్సర్ రుసుము, బీమా, విమాన టికెట్టు. ఏజెంటు అడిగిన మొత్తంలో ఇవి పోను మిగిలింది దేనికో అడిగి, రసీదు పుచ్చుకునే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. ఐదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు పదివేలు వడ్డీకే పోతాయి, ఏడాదికి లక్షా ఇరవై వేలు. అక్కడ ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి పెరగలేదు. ఇంతకన్నా ఎక్కువ ఇచ్చే రాష్ట్రాలు చాలా ఉన్నాయి, అక్కడ ఇంటి అద్దెలూ ఎక్కువే. 12 నెలల్లో అసలు తీరి, వడ్డీ తీరి, చేతిలో ఏమైనా మిగులుతుందా అన్నది ఊళ్ళోనే, పలక మీద వేసి చూసుకోవాల్సిన లెక్క.

మన దేశంలో చట్టం లేదా అంటే ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు కూడా సేవా రుసుముగా 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. కానీ ఇది శిక్షణ, ఉద్యోగం కాదు, ఆ చట్టం మాకు పట్టదు అన్న జవాబు ఏజెంట్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. డబ్బు అడిగేటప్పుడు ‘అమెరికాలో ఉద్యోగం’, చట్టం అడిగినప్పుడు ‘శిక్షణ’. ఈ రెండు నాలుకల మధ్య నలిగేది మన పిల్లలే. పైగా పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, కావలసిన దేశాల జాబితాలో అమెరికా లేదు. గల్ఫ్‌కు వెళ్ళే పదో తరగతి తప్పిన కూలీ కాంట్రాక్టును చూడడానికి ఒక అధికారి అయినా ఉన్నాడు. ఈ పిల్లల కాగితం చూసేవారు మన వైపున లేరు.

ఇంకో అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. ఐదేళ్ళ అనుభవం చాలన్న నిబంధన మన వంటవాళ్ళకు వరం కావాలి. ఇచ్ఛాపురం నుంచి, సాలూరు నుంచి వెళ్ళి నగరాల హోటళ్ళలో పదేళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళున్నారు. బిర్యానీ దమ్ము మీద మూత ఎప్పుడు తియ్యాలో వాసన బట్టి చెప్పగలరు. కానీ జీతం చేతికిచ్చారు, స్లిప్పు లేదు, పీఎఫ్ లేదు, నియామక పత్రం లేదు. రుజువు లేదు కాబట్టి అనుభవమూ లేనట్టే. అప్పుడు దొంగ సర్టిఫికెట్ అమ్మేవాడు వస్తాడు. ఇంటర్వ్యూలో అది బయటపడితే అబద్ధమాడాడన్న ముద్ర కుర్రాడి మీదే పడుతుంది, ఇక ఆ దేశపు తలుపు అతనికి తెరుచుకోవడం కష్టం. నిజంగా పని వచ్చినవాడికి కార్మిక శాఖ ఒక అనుభవ పత్రం ఇప్పించలేదా?

అక్కడ అడుగుపెట్టాక ఇబ్బంది ఎదురైతే దిక్కు లేకపోలేదు. జే-1 వాళ్ళ కోసమే 1-866-283-9090 అనే అత్యవసర ఫోను నంబరు ఉంది. పనివాడి పాస్‌పోర్టును హోటల్ యజమాని తన దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరం. వీసా ఇంటర్వ్యూ సమయంలో హక్కుల కరపత్రం ఇస్తారు. కానీ ఇంటి దగ్గర ఐదు లక్షల అప్పున్న పిల్లవాడు ఆ నంబరుకు ఫోను చేస్తాడా? రాసిన పని ఒకటి, చేయిస్తున్న పని ఇంకొకటి అని తెలిసినా నోరు విప్పడు. రంగం మేస్త్రీ అడ్వాన్సుకు ఉన్న బలం ఇప్పుడు ఈ అప్పుకు ఉంది.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో వారానికి ఒకరోజు ఒక మనిషిని కూర్చోబెట్టండి. డీఎస్-7002 తెస్తే తెలుగులో చదివి వినిపించాలి. స్పాన్సర్ పేరు అమెరికా విదేశాంగ శాఖ జాబితాలో ఉందో లేదో కంప్యూటర్లో అక్కడికక్కడే చూపించాలి. ఫలానా స్పాన్సర్ తరఫు మనిషినంటున్న ఏజెంటు నుంచి ఆ స్పాన్సర్‌తో ఉన్న ఒప్పందం కాపీ అడిగి తెప్పించాలి. ప్రవాస తెలుగువాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సంస్థ ఈ బాధ్యత తీసుకోవచ్చు, హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలలు తమ విద్యార్థులకు చివరి సెమిస్టర్‌లోనే ఈ పత్రం ఎలా చదవాలో నేర్పవచ్చు. వెళ్ళి వచ్చినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు, వాళ్ళను పిలిచి మాట్లాడించవచ్చు.

పలాస స్టేషన్లో బండి ఎక్కించడానికి వచ్చిన తల్లి అడిగేది ఒకే ప్రశ్న: ‘అక్కడ ఏం పని నాయనా?’ దానికి ఆ కుర్రాడు కాగితం చూపించి, హోటల్ పేరు, ఊరు పేరు, గంటల లెక్క, జీతం లెక్క తన నోటితో చెప్పగలిగాకే పొలం పాస్‌బుక్కు తాకట్టు సంగతి ఆలోచించాలి.