ప్రాసెసర్ మీద టూత్‌పేస్ట్ రాయమంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

ఎండలు ముదిరాయంటే చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి దానికి ఒక వీడియో కూడా తోడైంది. అందులో ఉన్నది ఇదీ: "కంప్యూటర్ వేడెక్కుతోందా? షాపు వాడికి డబ్బులు పోయకండి. ప్రాసెసర్ మీద టూత్‌పేస్ట్ రాయండి, థర్మల్ పేస్ట్‌లాగే పని చేస్తుంది. ఎంత మందంగా రాస్తే అంత చల్లదనం. ఇంకా మంచిది కావాలంటే పేస్ట్ మానేసి థర్మల్ ప్యాడ్ వేయండి, ఎక్కడైనా సరిపోతుంది. కొనేదైతే వెండి రంగు పేస్టే కొనండి. ఆర్నెల్లకోసారి మార్చండి. ముప్ఫై డిగ్రీలు తగ్గడం ఖాయం."

నేను బల్లార్షాలో కంప్యూటర్ రిపేరు పని చేస్తాను. "తన గిరాకీ పోతుందని అంటున్నాడు" అనుకునేవాళ్లు ఉంటారు. అనుకోండి. ఈ ఫార్వర్డ్ వల్ల నా గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

దీన్ని రాసినవాళ్లు పేస్ట్ అంటే ప్రాసెసర్‌ను చల్లబరిచే మందు అనుకున్నారు. మిగతా తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి. పేస్ట్ దేన్నీ చల్లబరచదు. ప్రాసెసర్ పైన ఉండే లోహపు మూత, దాని మీద కూర్చునే హీట్‌సింక్ (వేడిని లాగి గాలికి వదిలే రేకుల లోహపు దిమ్మ) అడుగు భాగం మన కంటికి నున్నగా కనిపిస్తాయి కానీ రెండింటి మీదా సన్నని గీతలు, గుంటలు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పెడితే అక్కడక్కడ మాత్రమే లోహం లోహాన్ని తాకుతుంది. మిగతా చోటంతా గాలి చిక్కుకుపోతుంది. వేడిని మోసుకెళ్లడంలో గాలి ఎంత చేతకానిదంటే, దాని ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు 0.026 వాట్లు మాత్రమే. రాగిది దాదాపు 400. ఆ గాలిని తోసేసి ఆ గుంటలను నింపడమే పేస్ట్ పని. మామూలు పేస్ట్ వాహకత నాలుగైదు నుంచి ఎనిమిది వరకు ఉంటుంది. గాలితో పోలిస్తే ఎన్నో రెట్లు మేలు, రాగి ముందు మాత్రం దిగదుడుపే. ఈ రెండు మాటలు గుర్తుంటే ఫార్వర్డ్‌లో సగం దానంతటదే వీగిపోతుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

"టూత్‌పేస్ట్ కూడా థర్మల్ పేస్ట్‌లాగే పని చేస్తుంది"

వీడియోలో చూపించింది అబద్ధం కాదు, అదే దీనితో చిక్కు. టూత్‌పేస్ట్ రాసిన మొదటి గంటలో ఉష్ణోగ్రత రీడింగ్ నిజంగానే బాగుంటుంది. తడిగా ఉన్న ఏ ముద్ద అయినా గాలిని తోసేస్తుంది కదా. వీడియో తీసినవాళ్లు పది నిమిషాలు టెస్ట్ పెట్టి, స్క్రీన్ చూపించి, లైక్ కొట్టమని అడిగి వెళ్లిపోయారు. తర్వాత ఏమైందో చూపించలేదు.

టూత్‌పేస్ట్‌లో ఉండేది నీళ్లు, ఆరిపోకుండా సార్బిటాల్ లేదా గ్లిజరిన్, పళ్లు తోమడానికి కాల్షియం కార్బోనేట్ లేదా సిలికా పొడి, నురగ కోసం సబ్బు లాంటి పదార్థం, రుచి. డబ్బు పెట్టి కొనే థర్మల్ పేస్ట్‌లో ఎక్కువగా ఉండేది సిలికాన్ నూనె, అందులో కలిపిన జింక్ ఆక్సైడ్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ లాంటి పొడి. తేడా ఆ తడిలోనే ఉంది. సిలికాన్ నూనె 80 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఆవిరి కాకుండా నిలబడుతుంది. నీళ్లు నిలబడవు. కంప్యూటర్ రోజూ నడుస్తుంటే కొన్ని రోజుల్లోనే టూత్‌పేస్ట్ ఎండి, కుంచించుకుపోయి, పగుళ్లు తేలుతుంది. ఆ పగుళ్లలోకి మళ్లీ గాలి చేరుతుంది. ఇప్పుడు పరిస్థితి ఏమీ రాయకపోయినదానికి దగ్గరగా ఉంటుంది.

అక్కడితో అయిపోతే సరే. ఎండిన టూత్‌పేస్ట్ గట్టిగా అతుక్కుపోతుంది. ఏఎమ్4 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే గూడు) పెట్టే ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లకు అడుగున 1331 పిన్నులు ఉంటాయి. హీట్‌సింక్‌ను బలంగా లాగితే, లాక్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ కూడా దానితో పాటు ఊడి పైకి వస్తుంది. పిన్నులు వంగుతాయి, ఒక్కోసారి విరుగుతాయి. బాగా ఎండిన మామూలు థర్మల్ పేస్ట్‌తో కూడా ఇది జరుగుతుంది. అందుకే ఆ కంప్యూటర్లను విప్పే ముందు కాసేపు బరువైన పని పెట్టి వేడెక్కనిచ్చి, ఆపి, హీట్‌సింక్‌ను ఇటూ అటూ మెల్లగా తిప్పి వదులు చేయాలి. నిలువుగా గుంజకూడదు. 2022లో వచ్చిన ఏఎమ్5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాకుండా సాకెట్‌కు పెట్టారు కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

చిన్న ట్యూబ్ మంచి పేస్ట్ నాగ్‌పూర్ సీతాబర్డీలోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొన్ని వందల్లో దొరుకుతుంది. ఒక ట్యూబ్ నాలుగైదు కంప్యూటర్లకు వస్తుంది. ప్రాసెసర్ ధర పక్కన ఇది పొదుపు చేయాల్సిన ఖర్చు కాదు.

"ఎంత మందంగా రాస్తే అంత మంచిది"

పేస్ట్ వాహకత రాగి కంటే ఎంతో తక్కువ అని పైన చెప్పాను. కాబట్టి మధ్యలో అది ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, గుంటలు నిండితే చాలు. బాగా బిగించిన హీట్‌సింక్ కింద పేస్ట్ పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాకానో, ఇంకా తక్కువో ఉంటుంది.

ఇక్కడ భయపెట్టేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల మాటా నమ్మకండి. కాస్త ఎక్కువైతే బిగింపు ఒత్తిడికి అదనపు పేస్ట్ పక్కలకు వచ్చేస్తుంది. కరెంటు ప్రసరించని పేస్ట్ అయితే తుడుచుకోవడమే తప్ప నష్టం లేదు. మూలలు తడవనంత తక్కువ పెట్టడమే అసలు ప్రమాదం. శనగ గింజంతా, గీతా, అడ్డగీతా అని యూట్యూబ్‌లో జరిగే కొట్లాటలో పెద్ద సారం లేదు. ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో పెట్టే, పొడుగ్గా ఉండే ఇంటెల్ ప్రాసెసర్లకు ఒక నిలువు గీత పెడితే సులువు, అంతే.

"పేస్ట్ మానేసి ప్యాడ్ వేయండి, ఎక్కడైనా సరిపోతుంది"

ప్యాడ్ అంటే మెత్తటి రబ్బరులా ఉండే షీటు. ఇది టూత్‌పేస్ట్ కంటే ప్రమాదకరమైన సలహా. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా పాటిస్తున్నారు.

ఒక చిన్న లెక్క చూడండి. పొర మందాన్ని దాని వాహకతతోనూ, విస్తీర్ణంతోనూ భాగిస్తే ఒక్కో వాట్‌కు ఎన్ని డిగ్రీల తేడా వస్తుందో తెలుస్తుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ మూత 3 సెంటీమీటర్లు పొడవు, 3 సెంటీమీటర్లు వెడల్పు అనుకుందాం, వచ్చే వేడి 65 వాట్లు. వాహకత 5 ఉన్న పేస్ట్ 0.05 మిల్లీమీటర్ల పొరగా ఉంటే ఆ పొర దగ్గర పోయేది ఒక డిగ్రీ కూడా కాదు, 0.7. అదే చోట వాహకత 6 ఉన్న 1 మిల్లీమీటరు ప్యాడ్ పెడితే 12 డిగ్రీలు. డబ్బా మీద ప్యాడ్ నంబరే పెద్దది, అయినా మందం దాన్ని ఓడించింది.

ల్యాప్‌టాప్‌లో ఇంకా ఘోరం. అక్కడ మూత ఉండదు, వేడిని ఫ్యాన్ దాకా మోసే హీట్‌పైపు పలక నేరుగా చిప్ మీదే కూర్చుంటుంది. చిప్ ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు, వేడి 30 వాట్లు అనుకుంటే, పేస్ట్‌తో 2 డిగ్రీలు పోయే చోట 1 మిల్లీమీటరు ప్యాడ్‌తో 33 డిగ్రీలు పోతాయి. "అన్నా, కొత్త ప్యాడ్ వేశాక గేమ్ ఇంకా ఆగి ఆగి ఆడుతోంది" అని వచ్చేవాళ్లలో చాలామంది కథ ఇదే.

మరి ప్యాడ్‌లు ఎందుకున్నాయి? పేస్ట్ నింపలేనంత సందు ఉన్న చోట్లకు. గ్రాఫిక్స్ కార్డులో ప్రధాన చిప్ ఒక ఎత్తులో, మెమరీ చిప్‌లు ఇంకో ఎత్తులో, కరెంటు సరఫరా చేసే మాస్‌ఫెట్‌లు మరో ఎత్తులో ఉంటాయి. పైన కూర్చునే హీట్‌సింక్ ఒక్కటే. ప్రధాన చిప్‌ను అది దగ్గరగా తాకుతుంది, మిగతావాటి మీద అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా సందు మిగులుతుంది. ఆ సందుల్లో మెత్తగా నలిగి కూర్చోవడానికి ప్యాడ్. బోర్డుకు గుచ్చే సన్నని స్టోరేజీ పట్టీ, అంటే ఎమ్.2 ఎస్ఎస్‌డీ మీదా అంతే.

అక్కడ ప్యాడ్ మార్చేటప్పుడు కొలత చాలా ముఖ్యం. తీసినదాన్ని చూసి కళ్లతో అంచనా వేయకండి, అది ఏళ్లుగా నలిగి పల్చబడి ఉంటుంది. మీ కార్డు మోడల్‌కు ఏ చోట ఎంత మందం కావాలో తెలుసుకోండి. తక్కువ మందం వేస్తే మెమరీకీ హీట్‌సింక్‌కీ మధ్య గాలి మిగిలిపోతుంది. ఎక్కువ మందం వేస్తే హీట్‌సింక్ మొత్తం పైకి లేచి ప్రధాన చిప్‌ను సరిగా తాకదు. అప్పుడు మెమరీ చల్లగా ఉంటుంది, చిప్ కాలిపోతుంటుంది, మీరు పేస్ట్ కంపెనీని తిడుతుంటారు. ప్యాడ్‌కు రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. ఒక వైపు మాత్రమే తీసి బిగించినవి తరచూ చూస్తుంటాను.

ఫార్వర్డ్ రాసినవాళ్లకు తెలిసి ఉండదు కానీ, వాళ్ల మాట కొంతవరకు నిజమయ్యే ప్యాడ్ రకం ఒకటి ఉంది. ఫేజ్ చేంజ్ ప్యాడ్ అంటారు. హనీవెల్ వాళ్ల పీటీఎమ్7950 అందులో బాగా పేరున్నది. చూడటానికి పల్చటి షీటులా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పేస్ట్‌లా సర్దుకుని చాలా సన్నని పొర అయిపోతుంది. ల్యాప్‌టాప్ చిప్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ మామూలు పేస్ట్ కొద్ది కొద్దిగా అంచులకు జారిపోతుంటుంది, ఇది అంత సులువుగా జారదు. ల్యాప్‌టాప్‌లకు నేను దీనివైపే మొగ్గుతాను. అయితే ఇది మెత్తటి రబ్బరులా ఉండే మామూలు ప్యాడ్ కాదు, దాని బదులు ఇదీ, దీని బదులు అదీ వాడే వీలు లేదు.

"వెండి రంగు పేస్టే కొనండి"

రంగు చూసి చెప్పగలిగింది ఏమీ లేదు. బూడిద రంగు పేస్టుల్లో చాలావాటిలో వెండి ఉండదు. వెండి లేని పేస్టుల్లో చాలా మంచివి ఉన్నాయి. డబ్బా మీద ఉండే వాహకత అంకె కూడా ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలిచి వేసుకున్నదే, రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. నిజంగా వెండిలా మెరిసేది ఒకటుంది, గాలియం కలిపిన లిక్విడ్ మెటల్. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో అదే వాడారు. పనితనంలో దానికి సాటి లేదు. కానీ అది కరెంటును ప్రసరింపజేస్తుంది, ఒక్క బొట్టు బోర్డు మీద పడితే షార్ట్. అల్యూమినియం హీట్‌సింక్‌ను తాకితే ఆ లోహాన్నే పెళుసు చేసి పాడు చేస్తుంది. ఇంట్లో ప్రయోగాలకు వద్దు.

"ఆర్నెల్లకోసారి మార్చండి"

అవసరం లేదు. డెస్క్‌టాప్‌లో మంచి పేస్ట్ ఏళ్లు నిలుస్తుంది. ముందు కంటే రీడింగ్ పెరిగిందా, హీట్‌సింక్ ఏ కారణంతోనైనా విప్పారా, ఈ రెండే మార్చడానికి కారణాలు. ఊరికే విప్పిన ప్రతిసారీ పిన్నులకూ, ల్యాప్‌టాప్ రిబ్బన్ కేబుళ్లకూ గండమే.

మార్చినప్పుడు పాతది తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంకా ఇంట్లో ఉందని దాన్ని తీయకండి. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది లోహం మీద పొరలా మిగులుతుంది.

"ముప్ఫై డిగ్రీలు తగ్గడం ఖాయం"

మామూలు పేస్ట్‌కూ ఖరీదైన పేస్ట్‌కూ మధ్య తేడా చాలా కంప్యూటర్లలో రెండు మూడు డిగ్రీలు. పూర్తిగా ఎండిపోయినదాన్ని మారిస్తే పది, పదిహేను తగ్గొచ్చు. ముప్ఫై తగ్గిందంటే దోషం పేస్ట్‌ది కాకపోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటే ఇచ్చే పాత కూలర్‌కు (ఫ్యాన్, హీట్‌సింక్ కలిసినది) ఉండే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి ఉండొచ్చు, కొత్త కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ స్టిక్కర్ తీయకుండానే బిగించి ఉండొచ్చు. విప్పి మళ్లీ సరిగ్గా బిగించడం వల్ల తగ్గితే పేరు మాత్రం పేస్ట్‌కు వచ్చింది.

ఇంకో సంగతి, ఇది మన వైపు వాళ్లకు ముఖ్యం. గాలితో చల్లబడే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా చేయలేదు. అదే పని చేస్తున్నప్పుడు గది కంటే ప్రాసెసర్ 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకోండి. గది 28 ఉన్న జనవరి మధ్యాహ్నం రీడింగ్ 68, గది 42 ఉన్న మే మధ్యాహ్నం 82. పేస్ట్ ఏమీ పాడు కాలేదు. మేలో బయట 45 దాటడం చంద్రపూర్‌కు కొత్తేమీ కాదు కదా. కాబట్టి రీడింగ్ రాసుకునేటప్పుడు గది ఉష్ణోగ్రత కూడా పక్కన రాసుకోండి, రెండింటి తేడానే పోల్చండి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. రైజెన్ 7000 సిరీస్ పైరకాలు పూర్తి బరువు మీద 95కు చేరేలానే తయారయ్యాయి. 82 చూసి టెన్షన్ పడి టూత్‌పేస్ట్ వెతకాల్సిన పని లేదు.

ఆ తేడా నిజంగానే పెరిగి ఉంటే, మన దగ్గర మొదటి అనుమానం దుమ్ము మీదే. ఓపెన్ కాస్ట్ గనులు, పవర్ హౌస్ చుట్టూ ఉన్న ఇళ్లలో కంప్యూటర్ విప్పితే హీట్‌సింక్ రేకుల మధ్య నల్లటి పొర అట్టలా కట్టి ఉంటుంది. గాలే దూరని రేకుల మీద ఎంత మంచి పేస్ట్ పెట్టి ఏం లాభం? బ్లోయర్‌తో ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

డిజర్ట్ కూలర్ ఉన్న గదిలో కంప్యూటర్ పెట్టుకోవడం మంచిదే, పొడి ఎండల్లో అది గదిని బాగానే చల్లబరుస్తుంది. క్యాబినెట్ మూత తీసి నేరుగా ఆ గాలికి ఎదురుగా పెట్టకండి, గాలితో పాటు నీటి తుంపర్లు కూడా బోర్డు మీదికి వస్తాయి.