బొటనవేలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బొటనవేలు గారికి, తమరు పైకి లేచినప్పుడల్లా కింద ముడుచుకుని కూర్చునే నాలుగు వేళ్లు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్లిన ఏడాదే థమ్స్ అప్ సీసా ఎక్కారు, ఇప్పటికీ దిగలేదు. ఇప్పుడు ఫోన్లలో పసుపు పూసుకుని మరీ ఊరేగుతున్నారు. సంతోషం. మా గోడల్లా ఒక్కటే, తమరి మాటకి నిలకడ లేదు.

ఊళ్లోనే చూడండి. నిటారుగా నిలబడితే "సూపర్". కాస్త నోటివైపు వంగితే "సాయంత్రం కూర్చుందామా?" ఉత్తరాదికి వెళ్లి అటూ ఇటూ ఊగితే "ఏమీ ఇవ్వను, పో". ఇక ఇరాన్‌లో పాతకాలం పెద్దలకి తమరి దర్శనమే పచ్చి బూతు. ఫోన్లు వచ్చాక కుర్రకారు సర్దుకుపోయారు గానీ, తెల్లగడ్డం టాక్సీ డ్రైవరుకి "బాగా నడిపావయ్యా" అని తమర్ని చూపిస్తే అయిపోయినట్టే.

అండమాన్‌ సముద్రం అడుగున మరీ అన్యాయం. స్కూబా భాషలో తమరు లేచారంటే "పైకి వెళ్దాం" అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే చూపుడువేలితో కలిసి సున్నా చుట్టాలి. ఒడ్డు మీద ఇన్‌స్ట్రక్టర్ ఇదంతా చిలక్కి చెప్పినట్టు చెప్తాడు, మనవాడు బుద్ధిగా తలూపుతాడు. తీరా కింద చారల చేప ఒకటి ముక్కు ముందు నుంచి వెళ్లేసరికి ఆనందం పట్టలేక తమర్ని ఎత్తేస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ కంగారుపడి రెక్క పట్టుకుని పైకి లాక్కొస్తాడు. వేలకి వేలు పోశాడు, చేపేమో కిందే ఉండిపోయింది. పోనీ ఆ సున్నా అయినా ఒంటబట్టిందా, దాన్ని బ్రెజిల్‌లో చూపిస్తే తన్నులే. అందులో చూపుడువేలికీ వాటా ఉందంటారా, దాని సంగతి మేం చూసుకుంటాం.

ఇవన్నీ ఒక ఎత్తు, కెనడా కేసు ఒక ఎత్తు. సస్కాచెవాన్‌లో ఒక రైతుకి అవిసె గింజల కాంట్రాక్టు ఫొటో తీసి పంపి, ఖాయం చేయమన్నారు. ఆయన తమర్ని పెట్టాడు. గింజలు మాత్రం ఇవ్వలేదు. "మెసేజ్ అందిందన్నానంతే" అని మొత్తుకున్నా కోర్టు వినలేదు. అది సంతకంతో సమానమేనని 2023లో తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "వాటర్ ట్యాంకర్ డబ్బులు ఆదివారంలోగా ఇవ్వగలరు" అని సెక్రటరీ గారు పెట్టగానే తమరు బారులు తీరి వస్తారు. డబ్బులే రావు. ఆ జడ్జి గారిని ఒక్క ఆదివారం మా అసోసియేషన్ మీటింగుకి పంపించే ఏర్పాటు చూడగలరు.

ఇట్లు,
చూపుడువేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు

(మధ్యవేలు కూడా సంతకం పెడతానని ముందుకొచ్చింది. మేమే ఆపాం.)