‘రెండు లోడ్లు చాలు’ సిద్ధాంతం

ఒక జాగా మీద మట్టి పరచాలంటే ఎంత మట్టి పడుతుంది? ఈ ప్రశ్నకు లోకంలో గౌరవప్రదమైన జవాబు ఒక్కటే: "రెండు లోడ్లు చాలు." జాగా ఎంత, లోడు ఎంత అని ఎదురు అడగడం మర్యాద కాదు. ఈ మాట అనే పెద్దమనిషి ముందుగా ఓ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కన్ను సగం మూసి, నేల వంక కాసేపు చూస్తారు. నేల కూడా భయభక్తులతో తన కొలతలు ఒప్పేసుకుంటుంది. అలాంటి చోట జేబులోంచి టేపు తీయడమంటే ఆయన్ని నలుగురిలో అవమానించడమే.

టేపు పార్టీవాళ్ల వాదన ఏమిటంటే, పొడవు, వెడల్పు, మందం గుణిస్తే చాలట. సరే, గుణిద్దాం. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం. వచ్చింది 1200. మూడు కొలతలూ నిజమే, గుణకారమూ నిజమే, మట్టి మాత్రం పన్నెండు రెట్లు! అడుగుల్నీ అంగుళాల్నీ కలిపి గుణించేశాం మరి. 4 అంగుళాలంటే అడుగులో మూడో వంతు; కావాల్సింది 100 ఘనపుటడుగులే. చూశారా, లెక్క ఎంత ప్రమాదకరమో? కంటిచూపు ఎవర్నైనా ముంచితే రెండు రెట్లో మూడు రెట్లో ముంచుతుంది, అదీ ఆప్యాయంగా.

ఇక మందం సంగతి. పొడవు, వెడల్పు అయితే కనీసం అడుగులో అడుగు వేసి కొలుస్తారు. మందం దగ్గరికొచ్చేసరికి బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ఎడంగా పెట్టి "ఇంత" అంటారు. మాట్లాడేకొద్దీ, ఉత్సాహాన్ని బట్టి, ఆ ఎడం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 20 అడుగుల పొడవులో ఒక అడుగు తేడా వస్తే మట్టి లెక్క తప్పేది 5 శాతం. 4 అంగుళాల మందంలో ఒక్క అంగుళం తేడా వస్తే 25 శాతం. అన్నిటికన్నా గట్టి దెబ్బ తీసే కొలతనే వేళ్లకు అప్పగించామంటే, వేళ్ల మీద మనకున్న నమ్మకం అలాంటిది. పైగా నేల ఎగుడుదిగుడు. నాలుగైదు చోట్ల మేకులు పాతి, సమంగా దారం లాగి, దారం నుంచి నేలదాకా ఎంత లోతుందో కొలిచి సగటు తీయమంటుంది టేపు పార్టీ. అంత ఓపిక ఉన్నవాడు గుంటలోనే హాయిగా బతకగలడు, వాడికి మట్టెందుకు?

ఇంతా చేస్తే, మట్టి మాట మీద నిలబడే రకం కాదు. లారీలోంచి దిగినప్పుడు గుల్లగా, దర్జాగా కుప్పపోసుకుని ఉంటుంది. నీళ్లు చల్లి దిమ్మిస కొట్టగానే అణిగిపోతుంది. ఎంత అణుగుతుందనేది మట్టి రకాన్ని బట్టి ఉంటుంది. ఐదో వంతు అనుకుందాం. "అయితే 20 శాతం ఎక్కువ తెప్పిస్తే సరి" అంటాడు లెక్కలొచ్చిన కుర్రాడు. 120లో ఐదో వంతు పోతే మిగిలేది 96. అణిగాక 100 మిగలాలంటే తెప్పించాల్సింది 125. ఇలాంటివి బయటికి పొక్కితే అనుభవజ్ఞుల పరువేం కాను?

బరువు లెక్కన కొనేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. వాన వెలిసిన మర్నాడు కొంటే నీళ్లు కూడా మట్టి ధరకే దొరుకుతాయి.

కాబట్టి కంటిచూపు శాస్త్రాన్ని వెంటనే అధికారికంగా గుర్తించాలని నా మనవి. అది తప్పడమనేదే ఉండదు. మట్టి మిగిలి, దారికి అడ్డంగా కుప్పపడి, దాని మీద గడ్డి మొలిచిందా? అది పెద్దాయన ముందుచూపు. తక్కువైందా? పరిచినవాడికి చెయ్యి తిరగలేదు. చివరి మూలకు మట్టి చాలక అటువైపంతా పల్లంగా ఉండిపోయిందని ఎవరైనా వేలెత్తి చూపిస్తే, ఆయన జాలిగా ఓ నవ్వు నవ్వుతారు.

"అది స్లోపు. నీళ్లు పోవద్దూ మరి?"