కెర్నెల్ జోలికి పోకండి

సగం కోడ్ ముందే రాసిపెట్టి ఉన్న ఫ్రేమ్‌వర్క్‌తో పనిచేసే ప్రోగ్రామర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ గురించి, దాని గుండెకాయ కెర్నెల్ గురించి తెలియాలా? బాగా ఆలోచించి చెబుతున్నాను: తెలియకూడదు. తెలిస్తే నిద్ర ఉండదు.

రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయింది అనుకుందాం. పోతూ పోతూ ఎగ్జిట్ కోడ్ 137 అని ఒక్క ముక్క చెప్పి పోయింది. ఏమీ తెలియనివాడు రీస్టార్ట్ కొట్టి పడుకుంటాడు. పొద్దున సర్వరూ లేస్తుంది, వాడూ లేస్తాడు. తెలిసినవాడి ఖర్మ చూడండి. సిగ్నల్ తగిలి చచ్చిన ప్రోగ్రామ్ కోడ్‌లో 128 కలిసి ఉంటుందని, 137లోంచి 128 తీసేస్తే 9 మిగులుతుందని, 9 అంటే సిగ్‌కిల్, అంటే ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే చంపే సిగ్నల్ అని వాడికి నోటికొచ్చు. మెమరీ చాలక సర్వర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ తన ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్‌ని పంపిందేమోనని అనుమానం వస్తుంది. కెర్నెల్ లాగ్ తీస్తాడు. హంతకుడే స్వదస్తూరీతో రాసిన వాంగ్మూలం అక్కడ ఉంటుంది, హతుడి పేరు, ప్రాసెస్ నంబరుతో సహా. ఇక ఆ మెమరీ ఎవరు మింగారో తేలేసరికి తెల్లారుతుంది. ఇద్దరిలో సుఖపడిందెవరు?

'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అన్న ఎర్రర్ సంగతీ ఇంతే. "నేను తెరిచింది ఒక్క కాన్ఫిగ్ ఫైలే కదా!" అని అమాయకుడు నిజాయితీగా ఆశ్చర్యపోతాడు. లినక్స్‌లో నెట్‌వర్క్ కనెక్షన్‌కి కూడా ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచినదానికి ఇచ్చే నంబరు) ఖర్చవుతుందని, ఒక ప్రాసెస్‌కి ఇన్నే అన్న పరిమితి చాలాచోట్ల 1024 దగ్గరే మొదలవుతుందని చెప్పి వాడి మనసు కష్టపెట్టడం ఎందుకు? పరిమితిని 65535 చేసేస్తే సరి. మూయని కనెక్షన్లు మూయకుండానే ఉంటాయి, అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. కాకపోతే కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా మనవాడు వేరే ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. దీన్నే స్కేలబిలిటీ (ఎంత భారం పెరిగినా తట్టుకోవడం) అంటారని నా అవగాహన.

ఇక నమ్మకం మాట. తెర మీద 'సేవ్ అయింది' అని పచ్చగా కనిపించగానే కడుపు నిండిపోయే అదృష్టం అందరికీ ఉండదు. రాసింది డిస్కుకి చేరకుండా ఇంకా మెమరీలోని పేజ్ క్యాష్‌లోనే ఉందేమో, డిస్కుకి చేర్చమని చెప్పే ఎఫ్‌సింక్ పిలవకుండా కరెంటు పోతే గంగలో కలిసినట్టేనేమో అని పీకులాడేవాడు జీవితంలో దేన్ని నమ్ముతాడు?

కంటైనర్‌కి, అంటే మెషీన్‌లో ప్రోగ్రామ్‌కి విడిగా కట్టిచ్చిన గదికి, ఇచ్చింది ఒక్క సీపీయూ. లోపలున్న ప్రోగ్రామ్ బయటి మెషీన్‌లోని 64 కోర్లు లెక్కపెట్టి పని పంచుకునే 64 వర్కర్లను లేపుతుంది. అవన్నీ ఆ ఒక్క సీపీయూ కోసం కొట్టుకుంటుంటే మనం ఫ్రేమ్‌వర్క్ స్లో అని తిట్టి కొత్తది దించుతాం. రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుంది. నష్టం ఎవరికి?

మా టీంలో మాత్రం కెర్నెల్ తెలిసినాయన ఒకరున్నారు. ఆ వ్యసనం ఎలా అంటుకుందో అడగలేదు. సమావేశాల్లో ఆయన మాట్లాడితే మేమంతా ఫోన్లు చూసుకుంటాం. ఆయన నంబరు మాత్రం అందరి ఫోన్లలోనూ మొదటి వరుసలో ఉంది. మొన్న ఆయన వారం రోజులు సెలవు అడిగారు. ఫ్రేమ్‌వర్క్ ఎంపికలో ఏనాడూ ఏకాభిప్రాయానికి రాని మా టీం ఆ రోజు రెండు నిమిషాల్లో వచ్చింది. సెలవు ఇవ్వలేదు.